తెర మీద ఎర్ర చుక్క

"దాని దగ్గరికి పోవద్దన్ననా లేదా? మళ్ల ఏందది చేతుల?"

దస్తగిరి కేక బజారు దాకా వినిపించింది. షబ్నమ్ చేతిలోని పొడిగుడ్డ టీవీ అంచు మీదే ఆగిపోయింది.

"దుమ్ము తుడుస్తున్నాను మావయ్యా. టీవీ మీద దుమ్ము. మీ మిషను జోలికి రాలేదు."

"తుడువకు. దుమ్ముంటె ఉండనియ్. దుమ్ము దేన్నీ చెరపదు."

ఆ చివరి మాట కోడలికి తగలాలనే అన్నాడు. తగిలింది. షబ్నమ్ గుడ్డను మడిచి కిటికీలో పెట్టి అక్కడే నిలబడింది. లోపలికి పోతే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందని ఆమె పంతం. మధిర పిల్ల, పంతానికి తక్కువేమీ లేదు.

నిన్న మధ్యాహ్నం నుంచి ఆ పాల్వంచ ఇంట్లో ఇదే వరస. ఖాలిద్ పొద్దున్నే థర్మల్ స్టేషన్‌కు డ్యూటీకి పోతూ తండ్రికి ఒక మాట, భార్యకు ఒక మాట చెప్పాడు. రెండూ ఎవరూ వినిపించుకోలేదు. బండెక్కి హాయిగా వెళ్లిపోయాడు. మిగిలింది ముగ్గురు. దస్తగిరి కుర్చీలో, ఒళ్లో తువ్వాలులో చుట్టిన వీడియో క్యాసెట్‌తో. షబ్నమ్ కిటికీ దగ్గర. ఆమె అత్త అక్బరీ బేగం వంటింటి గడప మీద, చిక్కుడుకాయల చాటతో.

గోడకు కొత్త టీవీ ఉంది. దాని కింద బల్ల మీద కేబుల్ పెట్టె, పక్కనే పాత వీడియో రికార్డరు ఉన్నాయి. రికార్డరు మీద అక్బరీ బేగం అల్లిన లేసు గుడ్డ ముందుకు వేలాడుతూ మిషన్ ముఖాన్ని కప్పేసింది. టీవీ వెనక వైర్లన్నీ చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. నిన్న వాటిని ఒక్క గుంజుడుతో పీకింది దస్తగిరే.

"ఒక్కసారి పెట్టి చూద్దాం మావయ్యా. పోయిందో ఉందో తేలిపోద్ది కదా."

"ఇంకేం తేలాలె? నేను నమాజ్ చేసుకోని వచ్చేసరికి తెర మీద ఎర్ర చుక్క వెలుగుతుండె. క్యాసెట్ మిషన్ల ఉండె. ఎర్ర చుక్క వెలిగిందంటే పాతది చెరిగి కొత్తది ఎక్కుతున్నట్టు. ఇన్నేండ్లు వీడియో షాపు నడిపినోనికి నువ్వు నేర్పుతవా?"

"నేను సీరియల్ లోంచి క్యాసెట్‌కి మార్చాలనే బటన్ నొక్కాను. క్యాసెట్ చూడ్డానికి వాళ్లొచ్చేసరికి సిద్ధంగా ఉంటుందని. బల్ల మీద మూడు రిమోట్లున్నాయి, ఏది తీశానో నాకే..."

"ఆఁ, చెప్పు. నాకే?"

"నాకే సరిగ్గా గుర్తులేదు."

"విన్నవా?" దస్తగిరి భార్య వైపు తిరిగాడు. "గుర్తులేదట!"

అక్బరీ బేగం వినలేదన్నట్టు ఒక చిక్కుడుకాయ ఈనె తీసి చాటలో పడేసింది. నిన్నటి నుంచి ఆమె కూడా మొగుడితో మాట్లాడడం లేదు. ఎందుకో ఎవరూ అడగలేదు. ఇంట్లో ఇంత గొడవ జరుగుతుంటే ఆమె అలక ఎవరికి పట్టింది?

ఒకటి మాత్రం చెప్పుకోవాలి. దస్తగిరిది ఉత్త కోపం కాదు. ఆ క్యాసెట్ ఆయనది కాకపోవడమే ఆయన బాధ.

ములకలపల్లి అవతల అడవి అంచు గిరిజనుల ఊరు గోపాలుది. దస్తగిరి టీవీ, రికార్డరు, జనరేటరు జీపులో వేసుకుని పెళ్లిళ్లకూ పండుగలకూ కిరాయికి తిరిగిన రోజుల్లో, ఒక వర్షాకాలం ఆ జీపు వాగులో కూరుకుపోయింది. గోపాలు ఊరివాళ్లను పిలుచుకొచ్చి, ముందు టీవీని, తర్వాత దస్తగిరిని, చివరికి జీపును గట్టెక్కించాడు. ఆ కృతజ్ఞతతో గోపాలు కూతురు వనజ పెళ్లికి దస్తగిరి తన కెమెరా పట్టుకెళ్లి, పైసా తీసుకోకుండా వీడియో తీశాడు. వాళ్లింట్లో మిషన్ లేదు కాబట్టి క్యాసెట్ దస్తగిరి దగ్గరే ఉండిపోయింది. ఏటా చింతపండు అమ్మడానికి పాల్వంచ వచ్చినప్పుడల్లా గోపాలు, అతని భార్య జంపక్క ఈ ముందుగదిలో కూర్చుని ఆ పెళ్లి ఒకసారి చూసి టీ తాగి వెళ్లేవారు. షాపు మూతపడ్డాక కూడా ఆ అలవాటు తప్పలేదు. తెర మీద తన ఆట చూసి గోపాలే ఎక్కువ నవ్వేవాడు.

ఈ వానల్లో గోపాలు జ్వరంతో పోయాడు. భద్రాచలం దవాఖానాకు తీసుకుపోతుంటే దారిలోనే. అతనికి వేరే ఫోటో కూడా లేదు. ఆధార్ కార్డు మీదున్న ముఖాన్ని జంపక్కే పోల్చుకోలేకపోయింది. ఇవాళ మధ్యాహ్నం వచ్చి క్యాసెట్ చూస్తానని జంపక్క మొన్న కబురు చేసింది. పాత టీవీ అప్పటికే చెడిపోయింది. షబ్నమ్ దాన్ని మార్చి ఈ హెచ్‌డీ టీవీ తెచ్చింది. డబ్బాలో వచ్చిన కాగితం మీది బొమ్మలు చూసి వైర్లన్నీ తానే కలిపింది. వాళ్లు వస్తున్నారని, కూతురి పెళ్లిలో పోయినవాడి బొమ్మ కొత్త తెర మీద బాగా కనిపించాలని ముచ్చటపడింది. ఆ ముచ్చటే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

"నేను చెరిపానో లేదో దేవుడికెరుక," అంది షబ్నమ్. "కానీ మీరు నిన్న ఫోన్‌లో ఏం చెప్పారు మావయ్యా? కనీసం చూడకుండా, నన్ను ఒక్క మాట అడగకుండా?"

దస్తగిరి తువ్వాలును క్యాసెట్ చుట్టూ ఇంకాస్త బిగించాడు.

చెప్పడానికి ఏముంది? వైర్లు పీకిన చేత్తోనే వనజకు ఫోన్ కలిపాడు. "మా కోడలు ఎర్ర బటన్ ఒత్తింది. మీ నాయన మళ్ల పోయిండు బిడ్డా," అని ఏడ్చాడు. అవతల వనజ ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఉంది. ఇంటి ముందు పత్తి గింజలు ఏరుతున్న ఆడవాళ్లందరూ విన్నారు. సాయంత్రానికి ఆ ఊళ్లో షబ్నమ్ పేరు తెలియనివాళ్లు లేరు. ఆమె ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు. ఆ ఊరు మాత్రం ఆమెను గోపాలును చెరిపేసిన పిల్లగా చూసేసింది.

"ఫోన్ సంగతి వదిలెయ్," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "చూస్తే పోయిందని తెలుస్తది. చూడకుంటే..."

మిగతాది మింగేశాడు. షబ్నమ్‌కు అప్పుడు అర్థమైంది. ఈయన కోపంతో కాదు, భయంతో క్యాసెట్‌ను ఒళ్లో దాచుకున్నాడు. అర్థమైంది కానీ జాలి పడేంత తీరిక ఆమెకు దొరకలేదు. వాకిట్లో ఆటో ఆగింది.

జంపక్క ముందు దిగింది. వెనక వనజ. జంపక్క చేతిసంచీలో సీతాఫలాలు ఉన్నాయి. ఇలాంటి రోజున కూడా ఆమె ఒట్టి చేతులతో రాలేదు.

"ఇవి మెత్తవడ్డయి చెల్లె. ఇయ్యాల్నే తినాలె," అంటూ సంచీ అక్బరీ బేగం చేతికిచ్చింది.

"కూసో అక్కా. నీళ్లు తాగు."

వనజ కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, కిటికీ పక్కనున్న షబ్నమ్‌ను కింది నుంచి పైకి చూసింది.

"ఈమేనా?"

"వనజా, ఊకో," అంది జంపక్క. తర్వాత దస్తగిరి ఒళ్లోని తువ్వాలు చూసింది. "అదేనా తమ్మీ?"

"అదేనక్కా." దస్తగిరి లేవబోయి లేవలేకపోయాడు. "నేను నీకు ముఖం చూపియ్యలేను జంపక్కా. భద్రంగ పెట్టిన. గోపాలన్న పోయినంక ఇంకా భద్రంగ పెట్టిన. ఏం జెయ్యాలె, ఇంట్లనే..."

"నేను చూడనీకి రాలే. తీసుకపోనీకి వచ్చిన."

"తీసుకపోయి?"

"మా వాళ్లల్ల పోయిన మనిషి వస్తువు ఆ మనిషిని పూడ్చిన కాడ్నే పెడ్తం. ఆయన డోలు పెట్టినం, ఆయన చుట్టల డబ్బా పెట్టినం. ఇది కూడ ఆయనదే. బొమ్మ ఉన్నా పోయినా ఆయనదే. ఆయన కాడ పెడితే ఆయనే చూసుకుంటడు."

దస్తగిరి ముఖం చూడాలి అప్పుడు. నిన్నటి నుంచి గుండె మీదున్న బండ ఎవరో దించినట్టు తేలికపడ్డాడు. చూడనక్కర్లేదు! గబగబా తువ్వాలు విప్పి క్యాసెట్ చేతికి తీశాడు. రెండు చేతులతో జంపక్కకు అందించబోయాడు.

"ఆగండి."

షబ్నమ్ మధ్యలోకి వచ్చేసింది.

"బహూ, పక్కకు జరుగు."

"జరగను మావయ్యా. అది ఒకసారి మట్టిలోకి పోయిందంటే ఇంక ఎవరికీ ఏమీ తెలియదు. ఈ ఇంట్లో మీరు, ఆ ఊళ్లో వాళ్లు, నేను బతికినన్నాళ్లూ షబ్నమ్ చెరిపేసిందనే అంటారు. చెరిపానో లేదో నాకే తెలియదు. నాకు తెలియాలి."

"తెల్సి ఏం జేస్తవ్?" వనజ గుమ్మంలోంచే కసిరింది. "మా నాయనను తెస్తవా?"

షబ్నమ్ అడ్డం తొలగలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

"తేలేను వదినా. కానీ బొమ్మ ఉండి కూడా మట్టిలో పెడితే? అప్పుడు ఆయన్ని పోగొట్టింది నేను కాదు, మనందరం."

జంపక్క కుర్చీలో కూర్చుని చీర కుచ్చెళ్లు సర్దుకుంది. ఆమెకు దేనికీ తొందర లేదు. చాలాసేపు షబ్నమ్‌నే చూసింది.

"నీ పేరేంది బిడ్డా?"

"షబ్నమ్."

"పెట్టు షబ్నమూ. పోతే పోయిందని నా కండ్లతోని నేను చూస్త. ఒకల్లు చెప్తె విని మర్లిపోను."

"జంపక్కా, వద్దే," అన్నాడు దస్తగిరి.

"నీకు భయమైతే బయట గూసో."

ఆయన నిజంగానే బయట కూర్చున్నాడు. అరుగు మీద, గదికి వీపు పెట్టి. పాల్వంచ బజారులో పోయేవాళ్లు పలకరిస్తే తల కూడా ఊపలేదు.

షబ్నమ్ టీవీ వెనక మోకాళ్ల మీద కూర్చుంది. అక్కడ చీకటిగా ఉంది. ఎవరూ అడగకుండానే వనజ తన ఫోన్ లైటు వేసి పట్టుకుంది. ముఖం మాత్రం అటు తిప్పుకునే ఉంది.

"ఇది కేబుల్ పెట్టెది," షబ్నమ్ తనకు తాను చెప్పుకుంటున్నట్టు అంది. "ఈ బల్లపరుపు మూతి వైరు ఒక్కటి చాలు, బొమ్మా మాటా రెండూ దీంట్లోనే పోతాయి. మీ క్యాసెట్ మిషను పాతది. దానికి మూడు రంగుల పిన్నులు. పసుపుది బొమ్మకి, తెల్లదీ ఎర్రదీ మాటకి."

అరుగు మీద నుంచి కేక వచ్చింది. భయం ఉన్నా వృత్తి ఊరుకోదు కదా.

"కేబుల్ వైరు ముందుగాల మిషన్లకు పోవాలె! మిషన్ల నుంచి టీవీకి రావాలె! నేను ఎప్పుడైనా గట్లనే పెట్టిన!"

"అది పాత టీవీకి మావయ్యా! దీనికి ఎవరి దారి వాళ్లది!"

"ఎవరి దారి వాళ్లదట," అని అరుగు మీద గొణుగుడు వినిపించింది.

షబ్నమ్ లేచింది. మీట వేసింది. క్యాసెట్‌ను లేసు గుడ్డ కిందుగా మిషన్ నోట్లో పెట్టి తోసింది. మిషన్ దాన్ని అందుకుని లోపలికి లాక్కుంది. గరగరమని చక్రాలు తిరిగిన చప్పుడు వచ్చింది. ఆమె ప్లే బటన్ నొక్కి వెనక్కి జరిగింది.

టీవీ వెలిగింది.

తెర నిండా ఒక ఆడమనిషి. పెద్ద మేడ, పాలరాతి మెట్లు, మెట్ల మీద నగలతో ఆమె వెక్కివెక్కి ఏడుస్తోంది. వెనక నుంచి గుండెలదిరే సంగీతం.

వనజ ఫోన్ లైటు ఆర్పేసింది.

"ఇది మా పెండ్లి గాదు," అంది.

ఆ సంగీతం అరుగు దాకా పోయింది. దస్తగిరి రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"నేను జెప్తనే ఉన్న. సీరియల్ ఎక్కింది. గోపాలన్న మీద సీరియల్ ఎక్కింది."

షబ్నమ్ నేల మీద కూర్చుండిపోయింది. అంతవరకూ ఎక్కడో ఒక మూల చిన్న నమ్మకం ఉండేది. ఇప్పుడది కూడా లేదు. నిజంగానే చెరిపాను అనుకుంది. ఒక మనిషి నవ్వు, ఆట, మాట అన్నీ ఒక్క వేలితో చెరిపేశాను అనుకుంది. మావయ్య తిట్టిందే న్యాయం అనిపించింది. ఆమె జీవితంలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

జంపక్క లేచింది. ఆమె ముఖంలో ఏడుపు లేదు, తిట్టు లేదు.

"సరే బిడ్డా. చూసిన గద. తీసియ్యి, బస్సు దొరకదు మళ్ల."

షబ్నమ్ నేల మీద నుంచే మిషన్ వైపు చెయ్యి చాపింది.

"ఆగు."

అక్బరీ బేగం. నిన్నటి నుంచి ఈ గొడవలో ఆమె ఆడిన మొదటి మాట అది. చాట పక్కన పెట్టి, కళ్లు చిట్లించి తెర వంక చూస్తోంది.

"ఈమె ఇంటికెప్పుడొచ్చింది?"

"ఎవరు అత్తమ్మా?"

"గీ ఏడ్సే ఆమె. నిన్న జైల్ల ఉండె గద."

వనజకు ఒళ్లు మండింది. "పిన్నీ, మా నాయన పోయిండని మేమేడుస్తుంటే..."

"ఉండు బిడ్డా, ఉండు. నిన్న ఈమె జైల్ల ఉండె. మొగుడొచ్చి విడిపిస్తడా లేదా అని నేను చూస్తుంటే, ఈయనొచ్చి సగంల వైర్లు గుంజిండు. విడిపించిండో లేదో అని రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. ఇప్పుడు చూడు, ఇంటికొచ్చింది, మెట్ల మీద కూసున్నది. ఇది నిన్నటిది కాదు. ఇది ఇయ్యాల్టిది."

ఎవరికీ వెంటనే బుర్రకెక్కలేదు.

"క్యాసెట్ నిన్నటి నుంచి ఆయన ఒళ్లనే ఉన్నది గద," అక్బరీ బేగం నిదానంగా చెప్పింది. "ఇయ్యాల్టి సీరియల్ దాంట్లకు ఎట్లొస్తది?"

షబ్నమ్ దిగ్గున లేచింది. లేవడంలో చాట తన్నేసింది. చిక్కుడుకాయలు గదంతా దొర్లాయి.

"ఇది కేబుల్! అత్తమ్మా, ఇది కేబుల్ పెట్టెలోంచి వస్తోంది! టీవీ ఇంకా కేబుల్ దారిలోనే ఉంది, నేను దారి మార్చలేదు!"

టీవీ రిమోట్ అందుకుని పైనున్న బటన్ నొక్కింది. తెర పక్కన చిన్న వరస వచ్చింది. కిందికి, ఇంకా కిందికి. మళ్లీ నొక్కింది.

ఏడ్చే ఆమె మాయమైంది. తెర నల్లబడింది. నీలం రంగు వచ్చింది. తర్వాత తెర నిండా తెల్లటి గీతలు, ముక్కలు ముక్కలుగా కదిలే రంగులు. ఏమీ తెలియడం లేదు. కానీ వాటి వెనక ఎక్కడో డోలు మోగుతోంది. డోలు మీద ఎవరో మగమనిషి గొంతు చించుకుని అరుస్తున్నాడు.

"ఓ దస్తగిరీ! వాన్నేం తీస్తవ్ర! ఇటు తిరుగు! నన్ను తియ్యి, నన్ను!"

అరుగు మీద దస్తగిరి లేచి నిలబడ్డాడు. ఆ పిలుపు విన్న మనిషి మోకాళ్ల నొప్పి కూడా మరిచిపోయాడు. లోపలికి పరిగెత్తుకొచ్చి, ఎవరినీ చూడకుండా మిషన్ ముందు కూలబడ్డాడు. లేసు గుడ్డ ఎత్తి అవతల విసిరేశాడు. మిషన్ ముందున్న చిన్న చక్రం మీద బొటనవేలు పెట్టి అటు కొంచెం, ఇటు కొంచెం తిప్పాడు. గీతలు పైకి జరిగాయి. ఇంకాస్త తిప్పాడు. గీతలు తెర అంచు దాటిపోయాయి.

గోపాలు ఆడుతున్నాడు.

తలకు ఎర్ర రుమాలు, మెడలో డోలు, నడుముకు పంచె. చుట్టూ చేతులు పట్టుకుని ఊగుతున్న ఆడవాళ్లు. వాళ్ల మధ్య పసుపు బట్టల్లో తల వంచుకుని ఒక పడుచు పిల్ల. ఆ పిల్ల వనజ. గుమ్మం దగ్గరున్న వనజ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నాయనా," అంది.

షబ్నమ్ ఏడుస్తూ నవ్వుతోంది. నవ్వు ఎక్కడ ఆగి ఏడుపు ఎక్కడ మొదలైందో ఆమెకే తెలియడం లేదు. అక్బరీ బేగం వచ్చి కోడలి వీపు మీద చెయ్యి వేసింది. "నేను జెప్పలే?" అంది, ఏమీ చెప్పకపోయినా.

"మరి ఎర్ర చుక్క?" దస్తగిరి వెనక్కి తిరగకుండానే అడిగాడు. "నిన్న నేను చూసిన ఎర్ర చుక్క?"

షబ్నమ్ బల్ల మీది మూడు రిమోట్లనూ చూసింది. టీవీని ఒక్క క్షణం కేబుల్‌కు తిప్పి, కేబుల్ రిమోట్ మీద గుండ్రటి బటన్ నొక్కింది. ఏడ్చే ఆమె తల పక్కన, తెర మూలలో, ఎర్ర చుక్క వెలిగింది.

"ఇదేనా మావయ్యా?"

"అదే."

"ఇది కేబుల్ పెట్టె తన పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటోంది. మీ అబ్బాయి క్రికెట్ కోసం పెట్టాడు కదా. మీ మిషన్ మీద లైటు ఉందా చూడండి."

దస్తగిరి చూశాడు. మిషన్ ముఖం మీద ప్లే అయ్యే పచ్చ దీపం తప్ప ఏదీ లేదు. రికార్డు అవుతుంటే ఎర్రదీపం వెలగాల్సింది అక్కడే. ఆ సంగతి ఆయనకు తెలిసినంతగా ఈ జిల్లాలో ఇంకెవరికీ తెలియదు. నిన్న లేసు గుడ్డ ఎత్తి చూసి ఉంటే అయిపోయేది. తెర చూసి అరిచాడు కానీ మిషన్ చూడలేదు.

షబ్నమ్ మళ్లీ దారి మార్చింది. గోపాలు తిరిగొచ్చాడు.

"ఏమో గాని," జంపక్క కుర్చీ ముందుకు లాక్కుంది. "నా మొగుడు గింత లావెప్పుడున్నడు?"

అందరూ చూశారు. నిజమే. తెర మీద గోపాలు బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. భుజాలు తలుపంత వెడల్పు ఉన్నాయి. అతని పక్కన డోలు కూడా పనసకాయలా ఉబ్బింది. సన్నగా ఉండే పిల్ల వనజ కూడా కాస్త ఒళ్లు చేసింది.

"అది పాత బొమ్మ కదండీ, ఈ తెర వెడల్పు. తెర నిండడానికి అటూ ఇటూ సాగదీసింది," షబ్నమ్ కళ్లు తుడుచుకుని రిమోట్ అందుకుంది. "ఉండండి, సరిచేస్తాను. అప్పుడు మామూలుగా సన్నగా కనిపిస్తారు."

"వద్దు."

"ఒక్క బటన్ అంతే..."

"వద్దు బిడ్డా. గట్లనే ఉంచు." జంపక్క తెర మీది నుంచి చూపు తిప్పలేదు. "బతికినన్నాళ్లు ఎముకలె ఉండె. కడుపునిండ తిన్నట్టు ఇయ్యాల కనవడుతుండు. ఉండనియ్."

అప్పటిదాకా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. బయటికి వినిపించేలా, పాట కలిపి, తన భాషలో. ఆ మాటలు ఆ ఇంట్లో వనజకు తప్ప ఎవరికీ తెలియవు. ఎవరూ ఆపలేదు. అక్బరీ బేగం కింద పడ్డ చిక్కుడుకాయలు ఒక్కొక్కటే ఏరుతూ తానూ ముక్కు చీదింది. తెర మీద గోపాలు మాత్రం ఎవరి ఏడుపూ పట్టనట్టు ఆడుతూనే ఉన్నాడు.

క్యాసెట్ సగం దాటేసరికి గదిలో గాలి మారింది. ఆటలో కాలు తడబడి గోపాలు పడబోతే జంపక్క ఫక్కున నవ్వింది. "కల్లు తాగి ఆడిండు," అంది. వనజ తన పెళ్లినాటి పక్కింటివాళ్లను ఒక్కొక్కరినీ వేలు పెట్టి చూపించింది, అదీ షబ్నమ్‌కే. అడక్కుండానే ఆమె పక్కకు జరిగి చాప మీద చోటిచ్చింది. సీతాఫలాలు కోసుకుని అందరూ తిన్నారు. గింజలు ఊసే గిన్నె మధ్యలో తిరుగుతోంది. ఎంత తేలికగా ఉందంటే, నిన్న మధ్యాహ్నం ఈ గదిలో గొడవ జరిగిందంటే ఎవరూ నమ్మరు.

"తమ్మీ," అంది జంపక్క, చేతులు కడుక్కొచ్చి. "ఇది ఇప్పుడే మట్టిల పెట్ట. ముందుగాల ఊరు చూడాలె. ఆయన పెద్దదినం నాడు ఊరంత కూడుతది, నువ్వు రావాలె. ఈ టీవీ, ఈ పెట్టెలు, అన్ని తీస్కరావాలె. వెనకట వచ్చినవు సూడు, గట్ల."

దస్తగిరి ముఖం వెలిగింది. ఆ ముఖంలో జీపు కనిపించింది, జనరేటరు కనిపించింది, వాగు కూడా కనిపించింది. తర్వాత ఆయన టీవీ వెనక చూశాడు. బల్లపరుపు మూతి వైరు, మూడు రంగుల పిన్నులు. వెలుగు కాస్త తగ్గింది.

"వస్తనక్కా. రాకుంట ఉంటనా. కాని ఈ వైర్ల సంగతి నాకు తెల్వదు. కోడలు రావాలె."

ఇది ఆయన నోట్లోంచి ఎలా వచ్చిందో మరి. అక్బరీ బేగం ఏరుతున్న చిక్కుడుకాయ వదిలేసి తలెత్తి మొగుణ్ని చూసింది.

"వస్తవా బిడ్డా?" అడిగింది జంపక్క.

"వస్తానండీ." షబ్నమ్ టక్కున అంది. అని, మావయ్య వైపు తిరిగింది. "కానీ మావయ్యా, ఆ ఊళ్లో నన్ను చూసినవాళ్లు ఎవరూ లేరు. నా గురించి విన్నది ఒక్కటే. గోపాలు గారిని చెరిపేసిందని. అది మీరే చెప్పారు. తప్పని కూడా మీరే చెప్పాలి. అక్కడ, అందరి ముందు, టీవీ పెట్టక ముందు."

తెర మీద పెళ్లివాళ్లు భోజనాలకు కూర్చుంటున్నారు.

"ఇప్పుడే చెప్త," దస్తగిరి గొంతు సవరించుకున్నాడు. "జంపక్కా, నా కోడలు ఏం చెరపలే. నేనే మిషన్ చూడకుండ ఒర్రిన."

"వీళ్లు కళ్లతో చూశారు మావయ్యా. వీళ్లకు చెప్పక్కర్లేదు."

"పెద్దమనిషి నలుగుర్ల చెప్పాల్నంటె..."

"నన్ను నలుగురిలోనే అన్నారు."

దస్తగిరి భార్యను చూశాడు. అక్బరీ బేగం చాట ఒళ్లో పెట్టుకుని, ఏం చెబుతాడా అని అందరితో పాటు ఆయన్నే చూస్తోంది. వనజను చూశాడు. వనజ షబ్నమ్ పక్కనే చాప మీద కూర్చుని ఉంది, లేవలేదు. నిన్నటి నుంచి ఒక్కసారి కూడా చూడని కోడలి ముఖం అప్పుడు చూశాడు. ఆ ముఖంలో కోపం లేదు. అది ఉంటే ఆయనకు ఇంత కష్టం అయ్యేది కాదు.

"జీపు కిరాయికి మాట్లాడాలె," అన్నాడు లేస్తూ. "దినం నాడు జీపులు దొరకవు. ఇప్పుడే పోయి అడిగొస్త."

షబ్నమ్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"జీపు ఎక్కడికీ పోదు మావయ్యా. చెబుతారా, చెప్పరా?"